రెండిళ్ల తీగ

చిన్నప్పుడు చెప్పులు చేతపట్టుకుని పోయిన ఇంట్లోకి మొన్న టికెట్టు కొనుక్కుని పోయాను. టికెట్టుతో ఒక చాయ్ ఉచితం. చిన్నప్పుడు టికెట్టు లేదు, మర్యాదలకు మాత్రం కొదవ ఉండేది కాదు.

పోవాలనుకుని పోలేదు. మా ఆవిడ వాళ్ల అక్క మనవరాలి పెళ్లికి గాజులు కొందామని పాతబస్తీకి వచ్చాం. గాజుల బేరంలో నా వంతు సంచి పట్టుకోవడం. రిటైరైన లెక్చరర్లకు సమాజం మిగిల్చిన పనుల్లో అదొకటి. ఎండ నెత్తికెక్కేసరికి మా ఆవిడ సందు మధ్యలో నిలబడిపోయింది.

"యాడన్న నీడకు గూసుందామయ్యా. కాళ్లు గుంజుతున్నయ్. నీకేంది, సంచి మోసుడే గదా."

సందు చివర ఎత్తైన తలుపు. పక్కన బోర్డు: పాత దేవిడీ, ప్రశాంతమైన ప్రాంగణం, సందర్శకులకు స్వాగతం. తలుపుకు కొత్త రంగు వేశారు కాబట్టి గుర్తుపట్టలేదు. గడప దాటుతుంటే మాత్రం నా చెయ్యి దానంతటదే చెప్పుల మీదికి వంగింది.

"చెప్పులతోనే రావచ్చు సార్," అంది టికెట్లిచ్చే అమ్మాయి.

ఆ సంగతి నాకు తెలుసు. నా చేతికే తెలియదు.

లోపల నాలుగు వైపులా కమానుల వరండా, నడుమ బండలు పరిచిన వాకిలి, దాని నడుమ నీళ్ల హౌజు. బయట సందులో ఆటోలు ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే ఇక్కడ పావురం రెక్క విదిలించినా వినబడుతోంది. ఆ నిశ్శబ్దం ఏమీ మారలేదు. మారిందల్లా పైన ఆకాశం. నా చిన్నప్పుడు ఈ వాకిలికి ఆకాశం ఉండేది కాదు. ద్రాక్ష పందిరి ఉండేది.

నేను తల ఎత్తి అలాగే నిలబడ్డాను.

"ఏంది, కమాన్ల బూజు సూస్తున్నవా? మనింట్ల తక్కువుందా?" అంది మా ఆవిడ.

శామీర్‌పేట చెరువు అవతలి మా ఊళ్లో అప్పుడు ద్రాక్షతోటలు ఉండేవంటే ఇప్పటివాళ్లు మర్యాదకు తల ఊపుతారు. బావుల కింద ఎకరాలకెకరాలు రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి, ఒకటే పందిరి. నడివేసవిలో దాని కిందికి పోతే నూతిలోకి దిగినట్టు చల్లగా ఉండేది. తెగుళ్లకు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవారు. ఆ నీలం ఆకులకే కాదు, కడీలకూ, తాత ధోవతికీ, మా కుక్కకూ అంటుకునేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మా కుక్కను చూసి కొంచెం ఆగి, ఏమీ అడక్కుండా పోయేవారు. ఆముదపు చెక్క ఎరువు వాసన, పండిన ద్రాక్ష వాసన, తడి మట్టి వాసన కలిసి ఒక వాసన ఉండేది. దానికి పేరు లేదు, ఇప్పుడు అవసరమూ లేదు.

పండు అనాబ్‌షాహీ. పొడుగ్గా, తేనె చుక్క కలిపిన ఆకుపచ్చ రంగులో ఉండేది. ఎండకు అడ్డం పెట్టి చూస్తే లోపల గింజలు కనిపించేవి. చిలకలను తోలడానికి పిల్లలం ఖాళీ డబ్బాలు కొట్టేవాళ్లం. చిలకలు మాకు భయపడేవి కావు గానీ మేము అలసిపోయేదాకా ఓపిక పట్టేవి.

ఆ తోట మొత్తానికి తల్లి ఈ దేవిడీ వాకిట్లోని తీగే. మా ఊరు ఒకప్పుడు ఈ ఇంటివాళ్ల జాగీరు. జాగీర్లు పోయాయి. దున్నేవాళ్లలో గట్టివాళ్లకు భూములు నిలిచాయి. మా తాత గట్టివాడు. ఆ 'గట్టి' అన్న మాట కింద ఏమేం ఉంటాయో చరిత్ర లెక్చరరుగా నాకు తెలుసు, మనవడిగా తెలియదు.

జాగీరు పోయిన కొత్తలో ఈ ఇంటి పెద్దాయన తాతను పిలిపించాడట. "భూమి ఎట్లాగూ నీదాయె పటేల్. అండ్ల ఏదన్న మంచిది పెట్టు," అని వాకిట్లోని తీగ నుంచి కొమ్మలు కోయించి ఇచ్చాడట. ఇచ్చి ఒక మాట తీసుకున్నాడు. తీగ ఒక్కటే, ఇండ్లు రెండు. ఇక్కడ ఎండిపోతే అక్కణ్నుంచి కొమ్మ రావాలి, అక్కడ ఎండిపోతే ఇక్కణ్నుంచి పోవాలి. అంతే. తాత ఆ మాటకు బతికినన్నాళ్లు ఏటా ఒక గంప శిస్తు కట్టాడు.

మొదటి కోత గంప దేవిడీకి పోవాలి. అది పోయి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరూ పండు నోట్లో వేసుకోకూడదు. పంట చేతికొచ్చి నోటికి రాని ఆ వారం పదిరోజులు మా బతుకు చెప్పనలవి కానిది. ఊళ్లోవాళ్లు తాతను ఎక్కిరించేవారు. "జాగీరు వోయి ఎన్నేండ్లాయె, ఇంక సలాం గొట్టుడేంది పటేలా?" అనేవారు. "సలాం జాగీరుకు గాదుర, తీగకు," అనేవాడు తాత. నాకు మాత్రం తల తీసేసినట్టు ఉండేది. ఊళ్లో ఎవరికీ తల వంచని మనిషి ఆ ఇంట్లో చెప్పులు చేతపట్టుకుని నడవడం నేను చూశాను. బడిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకముందే అందరికీ తెలుసు.

గంపను అవ్వ కట్టేది. అడుగున ద్రాక్షాకులు, వాటి మీద గుత్తులు, పైన తడిగుడ్డ. ఒక ఏడు నేను తెల్లారకముందే లేచి ఒక గుత్తికి వెనక వైపు నుంచి నాలుగైదు పండ్లు తెంపి తిన్నాను. దొంగతనానికి అది మంచి వైపు అనుకున్నాను. గంప కట్టేటప్పుడు అవ్వ ఆ గుత్తిని ఎత్తి పట్టుకుంది.

"గిదేందయ్యో, గిక్కడ బోడిగున్నది?"

తాత నా వైపు చూశాడు. నేను కుక్క వైపు చూశాను. తాత ఆ గుత్తిని అందుకుని, బోడి వైపు కిందికి వచ్చేటట్టు తిప్పి గంపలో పెట్టాడు.

"పిట్ట గొట్టింది," అన్నాడు. "పిట్టకు గూడ ఆకలైతది."

శామీర్‌పేట నుంచి బస్సులో సికింద్రాబాదు, అక్కడ ఇంకో బస్సు. గంప తాత ఒళ్లో, నేను కిటికీ పక్కన. అల్వాల్ వచ్చేసరికి బస్సంతా ద్రాక్ష వాసన పాకేది, ఎవరో ఒకరు తప్పకుండా మెడ చాచేవారు. "ఏం పటేలా, ఎట్లిస్తున్నవ్?"

"అమ్మేటివి గావు," అనేవాడు తాత.

ఆ మాట అన్నప్పుడు తాత నిటారుగా కూర్చునేవాడు. ఆయన మిగతా తోటంతా అమ్మేవాడే, ధర దగ్గర చాలా కఠినంగా కూడా ఉండేవాడు. అందుకేనేమో, ఆ ఒక్క గంప దగ్గర ఆ మాట అనడం ఆయనకు అంత ఇష్టం.

దేవిడీ తలుపు దాటగానే ముందు ఎదురొచ్చేది నెయ్యి వాసన, యాలకుల వాసన. మేము వస్తామని వంటింట్లో నాన్‌ఖతాయి బిస్కట్లు చేసేవారు. ఇంటి పెద్దాయన పోయాక ఇల్లు నడిపింది ఆయన భార్య. తాత ఆమెను బేగం అమ్మ అనేవాడు. ఆమె వరండాలో వెదురు తెర వెనక కూర్చునేది. ఆమె కనిపించేది కాదు, గాజుల చప్పుడు వినిపించేది. పక్కన ఆమె మనవరాలు, నా ఈడుది, తెర అంచు ఎత్తి పట్టుకుని నన్ను చూసి నాలుక చాపేది. తాత పక్కనుండగా తిరిగి నాలుక చాపలేక నేను పడిన బాధ జాగీరు పోయినవాళ్లు కూడా పడి ఉండరు.

తాత హౌజు గట్టు కింద బండ మీద కూర్చునేవాడు. ముందు పళ్లెంలో నాన్‌ఖతాయి వచ్చేది, మీద పూసల అంచు గుడ్డ కప్పి. తిన్నాక మా గంపను కూడా వాటితోనే నింపి ఇచ్చేవారు. ఆ ఇంటి నుంచి ఖాళీ గంప బయటికి రాదు. అది వాళ్ల పట్టింపు. ఆఖరున తెర వెనక నుంచి తీగ గురించి ఏటా అదే ప్రశ్న:

"పటేల్, మీ దగ్గర బాగుందా?"

"బాగుందమ్మా. మీ దగ్గర?"

"ఇక్కడ కూడా బాగుంది."

పందిరి నెత్తి మీద కనబడుతూనే ఉండేది. అయినా తాత అడిగేవాడు, ఆమె చెప్పేది. ఇంట్లో చిలకకు నేర్పినట్టు నాకూ ఆ మాటలు నోటికొచ్చేశాయి.

అయితే ఏటేటా ఆ ఇంట్లో ఏదో ఒకటి తగ్గుతూ వచ్చింది. ఒక ఏడు తివాచీ లేదు. ఒక ఏడు గోడ గడియారం ఉన్న చోట తెల్లటి గుండ్రం మాత్రం ఉంది. ఇంకో ఏడు వరండాలో పెద్ద గాజు దీపం వేలాడే చోట వట్టి కొక్కెం.

"తాతా, గా దీపమేది?" అన్నాను కొక్కెం చూపించి.

"తుడువ దీసిండ్రు. నోరు మూసుకో."

మరుసటి ఏడు కూడా ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

ఇప్పుడు చెప్పబోయే ఏడు, గడప దాటితే నెయ్యి వాసన లేదు. నేను ముక్కు ఎగబీల్చాను. తాత నా భుజం నొక్కాడు. మేము కూర్చున్నాం, బేగం అమ్మ వానల సంగతి, బావుల సంగతి అడిగింది, తాత చెప్పినదే మళ్లీ చెప్పాడు. పళ్లెం రావడం లేదు. కొంచెంసేపటికి వెనక తలుపు చప్పుడైంది. మనవరాలు వగరుస్తూ లోపలికి పోయింది. ఆ రోజు నాలుక చాపలేదు. తర్వాత పళ్లెం వచ్చింది, అదే గుడ్డ కప్పి.

"ఇంట్లో చేసినవే పటేల్. ఈసారి కొంచెం ఎక్కువ కాలినయేమో," అంది తెర వెనక గొంతు.

తాత ఒకటి తీశాడు. దాని అడుగున కాగితం ముక్క అతుక్కుని ఉంది. బేకరీవాళ్లు కట్టి ఇచ్చే కాగితం, ఎర్ర రంగు ఉర్దూ అక్షరాలు. నాకు కనబడింది. తెరకు కూడా కనబడేటంత ఎండ ఉంది.

"తాతా, కాయి..."

నా మాట పూర్తి కాలేదు. తాత ఆ నాన్‌ఖతాయిని కాగితంతో సహా నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాడు. కాగితం అంత తొందరగా నలిగే వస్తువు కాదు. తాత చాలాసేపు నమిలాడు. వాకిట్లో పావురాలు కూడా ఆగినట్టనిపించింది. తాత చదువు ఉర్దూలోనే అయింది కాబట్టి మింగే ముందు ఆ బేకరీ పేరు చదివే ఉంటాడు. మింగి, మూతి తుడుచుకుని, తెర వైపు కాకుండా పైన పందిరి వైపు చూస్తూ అన్నాడు:

"మీ ఇంటి చేతి రుచే వేరమ్మా. ఏడాదిదాక నోట్లె ఉంటది."

తెర వెనక గాజులు ఒకసారి కదిలి ఊరుకున్నాయి. ఆ తర్వాత "ఇంకొకటి తీసుకో పటేల్," అని వినిపించింది.

తాత ఇంకొకటి తీసుకున్నాడు. ఈసారి అడుగున వేలితో తడిమి చూసుకుని తిన్నాడు.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. "తాతా, నువ్వు కాయితం దిన్నవ్."

"ఏం కాయితం?"

"ఎర్ర కాయితం. నేను సూసిన."

"కడుపులకు వోయినంక ఎరుపేంది, తెలుపేంది. అవ్వకు జెప్పకు."

నేను చెప్పులు విప్పకముందే అవ్వకు చెప్పాను. అవ్వ తాతను కూర్చోబెట్టి వాము నమిలించింది. "ఇజ్జత్ కోసం మన్ను గూడ దింటవు నువ్వు," అని గొణిగింది. ఎవరి ఇజ్జతో చెప్పలేదు. మరుసటి ఏడు గంప కట్టేటప్పుడు అడుగున ఆకుల కింద ఒక నెయ్యి డబ్బా, ఒక చక్కెర పొట్లం పెట్టింది. ఇదేందవ్వా అంటే, "పండ్లకు అడుగున మెత్తగుండాలె," అంది. డబ్బా మెత్తగా ఎలా ఉంటుందని నేను అడగలేదు. ఆ ఏడు దేవిడీ తలుపు దాటగానే మాకు మళ్లీ నెయ్యి వాసన ఎదురైంది. మా ఇంటి నెయ్యి వాసనే, యాలకులు మాత్రం వాళ్లవి.

తాత పోయాక మా బాపు కొన్నేళ్లు జీపులో గంప పంపాడు. ఆ తర్వాత మేము ఆపలేదు. మా ఇంట్లో ఎవరమూ ఏదీ ఆపం. ఒక ఏడు వాన లేదు, ఒక ఏడు చెల్లె పెళ్లి, ఒక ఏడు జీపు రిపేరు. బావులు ఎండాయి, బోర్లు ఎండాయి, తీగలకంటే భూమికి ఎక్కువ ధర వచ్చింది. అన్నదమ్ములం కూర్చుని మాట్లాడుకున్నాం. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి అందరికంటే ముందు సంతకం నాతో పెట్టించారు. జేసీబీ వచ్చిన రోజు నాకు కాలేజీలో పాఠం ఉంది. వ్యవసాయ విప్లవం మీద.

ఇప్పుడు ఆ తోట ఉన్న చోట అపార్టుమెంట్లు. గేటు కమాను మీద సిమెంటుతో పెద్ద ద్రాక్షగుత్తి కట్టి ఊదారంగు వేశారు. మా ద్రాక్ష ఏనాడూ ఊదారంగు కాదు. ఆ మాట బిల్డరుతో అంటే, "ఊదరంగైతెనే ద్రాక్షని తెలుస్తది సార్," అన్నాడు. అందులోనే మూడో అంతస్తులో మేముంటాం. ఎకరాల మీద బతికినవాళ్లం, ఇప్పుడు మా కింద ఉన్న నేల కూడా మాది కాదు, కింది అంతస్తువాళ్ల పైకప్పు.

అదీ సంగతి. టికెట్టు కొన్న రోజుకు వస్తాను.

వరండా మూల బెత్తపు కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లజుట్టు, భుజం మీద శాలువా. మా ఆవిడ నీడ చూసుకుని ఆమె పక్క బెంచీ మీద కూలబడింది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆమెది దక్కనీ, మా ఆవిడది మా ఊరి తెలుగు. మోకాళ్ల విషయంలో రెండు భాషలూ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు.

"ఎక్కడ్నుంచి వచ్చారు?" అని అడిగింది పెద్దావిడ.

"శామీర్‌పేట దిక్కు," అంది మా ఆవిడ.

పెద్దావిడ తల తిప్పి నన్ను చూసింది. పైకి, పందిరి లేని చోటుకు చూస్తున్న నన్ను. చాలాసేపు చూసి, నాకు తెలిసిన గొంతుతో, అంటే ఆ తెర వెనక గొంతుతో, అడిగింది.

"పటేల్, మీ దగ్గర బాగుందా?"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ లేదు.

"బాగుందమ్మా. మీ దగ్గర?" అన్నాను.

అన్నాక గానీ నేనేం అన్నానో నాకు వినబడలేదు.

ఆమె ముఖం వెలిగిపోయింది, తెర అంచు ఎత్తి నాలుక చాపిన నాటి మనవరాలి ముఖమే. "ఇక్కడ పోయింది భాయ్‌సాబ్," అంది. ఆమె దక్కనీలో అన్నది మా వైపు తెలుగులో చెబుతున్నాను. "రిపేర్లు జేసినప్పుడు సిమెంటు నీళ్లు వేర్లల్లకు దిగినయ్. ఒక్క వానకాలంల ఎండిపోయింది. మా దాదీ జెప్పేది, ఎండితే పటేల్ ఇంటికి పో, వాళ్ల దగ్గరుంటది అని. మీ ఊరికి మనిషిని పంపిన. అంత బిల్డింగులే, తోటనే లేదు అన్నడు. నేను నమ్మలే. పటేల్ వాళ్లు తీసేస్తరా, ఎక్కడో ఒక దగ్గర పెట్టుకునే ఉంటరు అన్న. ఒక్క కొమ్మ తెచ్చిస్తరా?"

మా ఆవిడ నా వైపు చూసింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ చూపు నేను పోస్టాఫీసులో, పెళ్లిళ్లలో, ఆస్పత్రిలో చూశాను. ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

"తెస్తానమ్మా," అన్నాను.

సందులోకి రాగానే మా ఆవిడ సంచి నా చేతికిచ్చి మొదలుపెట్టింది.

"తీగ యాడున్నదయ్యా మనకు? బాల్కనీల తులసి కుండి ఒక్కటున్నది. గది దెస్తవా?"

"నోట్లోంచి వచ్చేసింది."

"గట్లనే పోయి లేదని గూడ నోట్లెకెల్లి రానీ. ముసలామె, ఆశ వెట్టుకున్నది."

ఆమె చెప్పింది సరైన పని. అందుకే నేను చెయ్యలేదు. పది రోజులు మేడ్చల్ దాకా తిరిగాను. పాత తోటల పేరు చెప్పి అడిగితే ప్రతివాళ్లూ ఒక దిక్కు చూపించారు, ప్రతి దిక్కునా ఒక గేటు ఉంది. మా తోట కడీలు మాత్రం ఒక చోట దొరికాయి, ఎవరిదో ప్రహరీ గోడలో. మైలుతుత్తం నీలం ఇంకా ఉంది. చెయ్యి వేసి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏం గావాలె పెద్దాయనా?" అన్నాడు. ఏమీ వద్దన్నాను.

చివరకు తూంకుంట దగ్గర రోడ్డు పక్క నర్సరీలో ద్రాక్ష మొక్క కనబడింది.

"అనాబ్‌షాహీయేనా?" అన్నాను.

"గదే సార్," అన్నాడు నర్సరీ అతను. నేను ఏ పేరు చెప్పినా అతను గదే అనేవాడని నాకు తెలుసు.

"నమ్మకమేనా?"

"మూడేండ్లకు కాయ గాస్తది. గప్పుడు మీరే సూడుండ్రి."

మూడేళ్ల తర్వాత చూడ్డానికి ఆమె ఉండాలి, నేనుండాలి. ఆ లెక్క నాకు ఎంత ధైర్యాన్నిచ్చిందో రాయడానికి సిగ్గుగా ఉంది. మొక్క కొన్నాను. ఇంటికొచ్చి ప్లాస్టిక్ సంచి చింపి పాత మట్టికుండలోకి మార్చాను. కొమ్మకు కట్టిన నర్సరీ లేబులు కత్తిరించాను. దాని మీద ఊదారంగు గుత్తి బొమ్మ. కుండకు బయట కొంచెం మట్టి, కొంచెం సున్నం పూశాను, పాతకాలపు తోటలోంచి తెచ్చినట్టు. ఒక వెదురు గంప కూడా కొన్నాను.

మా ఆవిడ గడప దగ్గర నిలబడి చూసింది. "గంపకు గూడ మట్టి పూసినవా, మర్శిపోయినవా?"

నిజం చెప్పాలంటే మరిచిపోయాను. అప్పుడు పూశాను.

"నేను రాను," అంది. "అబద్ధం నీది, నువ్వే మోసుకపో."

కారులో తీసుకుపోతే గంపకు మర్యాద కాదనిపించింది. బస్సులోనే పోయాను. గంప ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లు తాత మోకాళ్లలాగే వచ్చాయి. మిగతాదేదీ రాలేదు.

ఈసారి టికెట్టు అడగలేదు. పెద్దావిడ నా కోసం చెప్పి ఉంచిందట. వాకిట్లో హౌజు పక్కన, పాత మోడు పీకేసిన చోట, అప్పటికే గుంత తీయించి మంచి మట్టి పోయించి పెట్టింది. కుర్చీ గుంత పక్కకే తెచ్చుకుంది. కుండను ఒళ్లో పెట్టుకుని ఆకులు ఒక్కొక్కటే వేళ్లతో నిమిరింది, చంటిపిల్లకు తల దువ్వినట్టు.

"దాదీ ఉంటే వాసన జూసి జెప్పేది," అంది. ఆకులు పక్కకు జరిపింది, మొదలు చూద్దామని.

మొక్క మొదట్లో, సగం మట్టిలో కూరుకుపోయి, తెల్లటి ప్లాస్టిక్ ముక్క. నర్సరీవాళ్లు జాగ్రత్తపరులు. కొమ్మకు ఒకటి, మొదలుకు ఒకటి కడతారని నాకు తెలియదు. ఊదారంగు గుత్తి, కింద నర్సరీ పేరు. ఇంగ్లీషులోనే ఉంది, కళ్లద్దాలు పెట్టుకునే చూస్తోంది.

ఈ వాకిట్లోనే, ఇంచుమించు ఈ బండ మీదే, ఒక మనిషి కాగితం నమలడం నేను చూశాను. అప్పుడు ఆ కాగితాన్నే చూశాను. తెర వెనక ఉన్నావిడకు అదంతా ఎలా ఉండి ఉంటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. ఇప్పుడు అనుకోవలసిన పని లేకుండానే తెలిసింది.

ఆమె దారం పుటుక్కున తెంపింది. లేబులును పిడికిట్లోకి తీసుకుంది. నా వైపు చూడలేదు, పైన కొత్తగా వేయించిన ఖాళీ పందిరి కర్రల వైపు చూసింది.

"మీ తోట ఆకే వేరు," అంది. "చూస్తేనే తెలుస్తది."

"అమ్మా, అది..." అన్నాను.

"ఇది ప్లాస్టిక్‌దాయె భాయ్‌సాబ్," అంది పిడికిలి శాలువా కిందికి జరుపుకుంటూ. "కాయితమైతే నేను గూడ తినేసేదాన్ని."

ఆమె చెబుతుంటే తోటమాలి మొక్క నాటాడు, నేను నీళ్లు పోశాను. నాన్‌ఖతాయి వచ్చింది, గంప నిండా. ఇంట్లో చేసినవేనంది. నేను అడుగు చూడలేదు. ఆ మాత్రం తాత దగ్గర నేర్చుకున్నాను, ఆలస్యంగా. వచ్చేటప్పుడు ఆమె ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోవడం కూడా మర్యాదేనని తలుపు దాటాక తెలిసింది.

తిరుగు బస్సులో గంప ఒళ్లో బరువుగా ఉంది. అల్వాల్ దగ్గర ఎక్కినతను నా పక్కన కూర్చుని మెడ చాచాడు. బస్సంతా నెయ్యి, యాలకుల వాసన.

"ఏం సార్, ఎట్లిస్తున్నరు?"

"అమ్మేటివి కావు," అన్నాను.

మా ఇంట్లో తాత పోయాక ఆ మాట ఎవరూ అన్నట్టు లేదు.